చిన్న పెట్రోల్ కారుకు గట్టి క్లచ్, తేలిక ఫ్లైవీల్: ఎంపిక నుంచి బిగింపు దాకా

ఇంజన్ బలం పెంచుకున్న చిన్న పెట్రోల్ కారును మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉంచి యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినప్పుడు, ఆర్‌పీఎం ముల్లు చకచకా పైకి పోతూ బండి వేగం మాత్రం అందుకు తగ్గట్టు పెరగకపోతే, క్లచ్ జారుతున్నదని అర్థం. ఇక గేర్‌బాక్స్ దించక తప్పదు. అది ఎలాగూ దిగుతుంది కాబట్టి అదే పనిలో ఫ్లైవీల్‌ను (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) కూడా తేలికైనదానితో మార్చుకుందామని చాలామంది అనుకుంటారు. అది మంచి ఆలోచనే, ఎందుకంటే ఈ పనిలో శ్రమంతా గేర్‌బాక్స్‌ను దించి ఎక్కించడంలోనే ఉంటుంది. అయితే ఎంత బరువు ఫ్లైవీల్ కావాలి, ఏ రకం క్లచ్ కావాలి అన్నది మీ కారు రోజూ తిరిగే రోడ్డును బట్టి తేల్చుకోవలసిన విషయం. బజారులో దొరికేవాటిలో అతి తేలికైన ఫ్లైవీల్‌నూ అతి గట్టి క్లచ్‌నూ ఏరి తెచ్చి బిగించిన కారు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపేవారికి నరకం చూపిస్తుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి ముందు చక్రాలతో నడిచే, ఇంజన్ అడ్డంగా అమర్చిన, ఐదు గేర్ల మాన్యువల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కు వర్తిస్తుంది. మారుతి స్విఫ్ట్ 1.2 లీటర్ పెట్రోల్ వంటి బండిని దృష్టిలో పెట్టుకోండి. వెనక చక్రాలతో నడిచే బండ్లలో గేర్‌బాక్స్ దించే తీరు వేరుగా ఉంటుంది కాని, ఫ్లైవీల్, క్లచ్ బిగింపుకు సంబంధించిన జాగ్రత్తలు మాత్రం అవే. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. బోల్టుల బిగింపు అంకెలన్నీ అందులోంచే తీసుకోవాలి.

తేలిక ఫ్లైవీల్ వల్ల ఏం మారుతుంది

సిలిండర్లలో ఒకదాని తరువాత ఒకటిగా పేలుడు జరుగుతున్నప్పుడు ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ కుదుపులు కుదుపులుగా తిరుగుతుంది. ఆ కుదుపులను మింగి, తిరుగుడును నిలకడగా ఉంచడం ఫ్లైవీల్ పని. కుమ్మరి సారె ఒకసారి వేగం అందుకుంటే తన బరువుతోనే తిరుగుతూ ఉన్నట్టు, బరువైన ఫ్లైవీల్ కూడా ఇంజన్‌ను ఆగనివ్వదు, అంత తేలిగ్గా వేగం పుంజుకోనివ్వదు కూడా. బరువు తగ్గిస్తే ఇంజన్ ఆర్‌పీఎం త్వరగా పెరుగుతుంది, త్వరగా పడిపోతుంది. ఇంజన్ గుర్రపు బలం మాత్రం ఒక్క అంకె కూడా పెరగదు. ఈ తేడా స్పష్టంగా తెలియకుండా డబ్బు పెట్టకండి.

ఎంత లాభమో లెక్క వేసి చూద్దాం. అసలు ఫ్లైవీల్ 7 కిలోలు, కొత్తది 4 కిలోలు అనుకోండి. తగ్గిన 3 కిలోలు కేంద్రం నుంచి సగటున 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే, తిరుగుడు జడత్వం సుమారు 0.036 కిలో చదరపు మీటర్లు తగ్గుతుంది. దీన్ని మొత్తం గేర్ నిష్పత్తి వర్గంతో గుణించి, చక్రం వ్యాసార్థపు వర్గంతో భాగిస్తే, అది కారు బరువు ఎన్ని కిలోలు తగ్గించినదానికి సమానమో తెలుస్తుంది. మొదటి గేరు 3.55, ఫైనల్ డ్రైవ్ (గేరు తరువాత వచ్చే చివరి నిష్పత్తి) 4.4, చక్రం వ్యాసార్థం 29 సెంటీమీటర్లు అయితే మొదటి గేరులో ఆ లాభం 100 కిలోలు దాటుతుంది. మూడో గేరు నిష్పత్తి 1.28 దగ్గర అది 14 కిలోలకు, 0.76 ఉన్న ఐదో గేరులో 5 కిలోలకు దిగిపోతుంది. కాబట్టి తేలిక ఫ్లైవీల్ సత్తా మొదటి రెండు గేర్లలోనే కనిపిస్తుంది. జాతీయ రహదారి మీద ఐదో గేరులో ఓవర్‌టేక్ చేసేటప్పుడు తేడా వెతికినా దొరకదు. బరువు ఎంత తగ్గింది అన్నదానికన్నా ఎక్కడ తగ్గింది అన్నదే ముఖ్యమని కూడా ఈ లెక్కే చెబుతుంది: అంచు దగ్గర తీసిన అర కిలో, మధ్యలో తీసిన కిలోకన్నా ఎక్కువ పని చేస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఆ మొదటి గేరులోనే ఉంటుంది. ఆగిన బండిని కదిలించేటప్పుడు ఇంజన్‌ను ఆదుకునే నిల్వ శక్తి తగ్గుతుంది కాబట్టి ఎత్తు మీద, ఏసీ నడుస్తుండగా, నలుగురు కూర్చుని ఉండగా బండి తరచు ఆగిపోతుంది. శ్రీశైలం ఘాట్‌లో బస్సు వెనక ఆగి మళ్లీ కదలాల్సి వచ్చినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. పైగా క్లచ్ రాపిడిలో పుట్టే వేడిని ముందుగా పీల్చుకునేది ఫ్లైవీలే. లోహం తగ్గితే హాఫ్ క్లచ్ మీద నడిపిన ప్రతిసారీ అది త్వరగా కాగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకైతే అసలు బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గించడం చాలు. సగానికి సగం తగ్గించిన ఫ్లైవీళ్లు కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే వంటి ట్రాక్‌లలో పరిగెత్తే బండ్లకు వదిలేయండి.

క్లచ్‌కు ఎంత పట్టు కావాలి

క్లచ్ మోయగల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: రాపిడి గుణకం, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమే ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం, క్లచ్ ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య. నాలుగింటినీ గుణిస్తే సరిపోతుంది. బయటి వ్యాసం 190 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 130 మిల్లీమీటర్లు ఉన్న ప్లేటుకు సగటు వ్యాసార్థం 0.08 మీటర్లు, గుణకం 0.3, నొక్కుడు బలం 4,000 న్యూటన్లు, ముఖాలు రెండు అనుకుంటే 192 న్యూటన్ మీటర్లు వస్తుంది. 113 న్యూటన్ మీటర్లు ఇచ్చే స్విఫ్ట్ ఇంజన్‌కు ఇది 1.7 రెట్లు, అంటే కావలసినంత. అదే ఇంజన్‌ను టర్బోతో 170 దాకా తీసుకుపోతే మిగులు 1.13 రెట్లకు పడిపోతుంది. ప్లేటు కాస్త అరిగినా, కాస్త వేడెక్కినా జారుడు మొదలవుతుంది. పెంచిన టార్క్‌కు 1.4 నుంచి 1.6 రెట్లు మోయగల క్లచ్ రోడ్డు బండికి సరైనది. రెండు రెట్లు మోసేది కొంటే కాలికి శిక్ష, గేర్‌బాక్స్‌కూ, చక్రాలను తిప్పే డ్రైవ్‌షాఫ్ట్‌లకూ దెబ్బ. ఎందుకంటే జారి తప్పించుకునే చోటు లేకపోతే ఆ కుదుపంతా వాటి మీదే పడుతుంది.

పట్టు పెంచడానికి రెండు దారులున్నాయి. ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ స్ప్రింగ్ బలం పెంచడం ఒకటి. దీనితో పెడల్ కొంత గట్టిపడుతుంది గాని, ప్లేటు కలిసే తీరు మెత్తగానే ఉంటుంది. రెండోది రాపిడి పదార్థం మార్చడం. కంపెనీ ఇచ్చే ఆర్గానిక్ లైనింగ్ మెత్తగా కలుస్తుంది. కెవ్లార్ నారతో చేసిన లైనింగ్ ఎక్కువకాలం మన్నుతుంది కాని, దాన్ని ఓపికగా అరగదీసి కుదర్చాలి. సిరామిక్, సింటర్డ్ లోహపు ముక్కలు అమర్చిన ప్లేట్లు గట్టిగా పడతాయి గాని, కలిసేటప్పుడు బండిని వణికిస్తాయి, ఫ్లైవీల్ ముఖాన్ని కూడా త్వరగా అరగదీస్తాయి. తేలిక ఫ్లైవీల్‌కు సిరామిక్ ప్లేటు జత చేస్తే రెండింటి కష్టాలూ ఒకేచోట చేరతాయి. నా మాట వింటే రోడ్డు బండికి గట్టి కవర్ (ప్రెషర్ ప్లేట్, దాని స్ప్రింగు ఉండే భాగం), ఆర్గానిక్ లైనింగ్, మధ్యలో డ్యాంపర్ స్ప్రింగులున్న ప్లేటు తీసుకోండి. తేలిక ఫ్లైవీల్ మింగకుండా వదిలేసే కుదుపులను గేర్‌బాక్స్ దాకా పోకుండా ఆపడానికి మిగిలేవి ఆ స్ప్రింగులే. స్ప్రింగులు లేని గట్టి హబ్ వేస్తే న్యూట్రల్‌లో కూడా గేర్లు గలగలలాడతాయి.

సామాన్లు ఎంచుకోవడం, సరిచూసుకోవడం

ఫ్లైవీల్ ఒకే ఉక్కు దిమ్మ నుంచి చెక్కినదైతే మంచిది. అల్యూమినియంవి ఇంకా తేలిక, కాని వాటి రాపిడి ముఖంగా వేరే ఉక్కు పలక బిగించి ఉంటుంది. ఆ పలకను పట్టి ఉంచే స్క్రూలను గేర్‌బాక్స్ దించిన ప్రతిసారీ చూసుకోవాలి. రేసు బండ్ల భాగాల భద్రతకు అమెరికా సంస్థ పెట్టిన ఎస్ఎఫ్ఐ 1.1 ప్రమాణం ముద్ర ఉంటే దాన్ని పరీక్షించి అమ్ముతున్నారని నమ్మవచ్చు.

పాత పోత ఇనుము ఫ్లైవీల్‌నే లేత్ మీద పెట్టించి సన్నం చేయించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దయచేసి ఆ పని చేయించకండి. తిరిగే చక్రంలో పుట్టే ఒత్తిడి ఆర్‌పీఎం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 3,000 దగ్గర ఉన్నది 6,000 దగ్గరికి నాలుగింతలవుతుంది. పోత ఇనుము లాగుడుకు బలహీనమైనది, సాగకుండా ఒక్కసారిగా పగులుతుంది. అలా పగిలిన ముక్క, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్‌ను చీల్చుకుని లోపల కూర్చున్నవారి కాళ్ల మీదకు వస్తుంది. రాపిడి ముఖాన్ని సమం చేయడానికి మాన్యువల్ అనుమతించిన మేరకు కాస్త గీయించడం వేరు, బరువు తగ్గించడానికి వెనకవైపు లోహం తోడించడం వేరు.

కొత్త ఫ్లైవీల్ చేతికి రాగానే పాతదాని పక్కన పెట్టి నాలుగు విషయాలు చూడాలి కాబట్టి, కొన్నదాన్ని తిరిగి ఇచ్చే గడువు పాత ఫ్లైవీల్ విప్పేనాటికి దాటిపోకుండా చూసుకోండి. రింగ్ గేర్ (స్టార్టర్ మోటార్ పట్టి తిప్పే అంచు చక్రం) పళ్ల సంఖ్య ఒకటేనా, పళ్ల అంచు వాలు స్టార్టర్ మోటార్ వచ్చే వైపే ఉన్నదా? క్రాంక్ బోల్టుల రంధ్రాలు, కవర్ బోల్టుల రంధ్రాలు, కవర్‌ను సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు సరిపోతున్నాయా? ఇంజన్ కంప్యూటర్‌కు సంకేతమిచ్చే పళ్లు ఫ్లైవీల్ మీదే ఉండే బండి అయితే, ఉదాహరణకు రెనో కే9కే డీజిల్ ఇంజన్‌లో లాగా, కొత్తదానిలో అవి అలాగే ఉన్నాయా? నాలుగోది ఎక్కువమంది చూడనిది: క్రాంక్‌కు ఆనుకునే ముఖం నుంచి రాపిడి ముఖం వరకు ఎత్తు. వెర్నియర్ లోతు పుల్లతో రెండింటినీ కొలవండి. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా, పెడల్ తొక్కినప్పుడు కవర్ స్ప్రింగును నొక్కే రిలీజ్ బేరింగ్ నిలిచే చోటు మారిపోయి, క్లచ్ పూర్తిగా విడవకపోవడమో పూర్తిగా పట్టకపోవడమో జరుగుతుంది.

మీ బండి ఫ్లైవీల్ రెండు పలకల డ్యూయల్ మాస్ రకమైతే, చాలా స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ డీజిళ్లలో ఉన్నట్టు, ఒంటి పలక ఫ్లైవీల్‌కు మారడానికి దానికోసమే తయారైన పూర్తి కిట్ కావాలి. డ్యాంపర్ ఫ్లైవీల్‌లోనే ఉంటుంది కాబట్టి పాత క్లచ్ ప్లేటుకు సాధారణంగా స్ప్రింగులుండవు.

వీటితోపాటు కొత్త రిలీజ్ బేరింగ్, కొత్త ఫ్లైవీల్ బోల్టులు, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, డ్రైవ్‌షాఫ్ట్ సీళ్లు, హబ్ నట్లు, గేర్ ఆయిల్ తెచ్చిపెట్టుకోండి. ఫ్లైవీల్‌నూ కవర్‌నూ ఒకటిగా బిగించి బ్యాలెన్సింగ్ చేయించి, ఏ రంధ్రానికి ఏ రంధ్రమో గుర్తు పెట్టించుకుంటే తరువాత వణుకు గురించి ఆలోచించే పని ఉండదు.

గేర్‌బాక్స్ దించడం

గట్టి సిమెంటు నేల, మంచి స్టాండ్లు, గేర్‌బాక్స్ జాకీ, టార్క్ రెంచి, క్లచ్ సెంటరింగ్ కడ్డీ, ఫ్లైవీల్ లాక్, డయల్ గేజ్ (చిన్న కదలికలను ముల్లుతో చూపే కొలపరికరం), సాయానికి ఒక మనిషి కావాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

బండి నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి హబ్ నట్లు వదులు చేయండి. బ్యాటరీ మైనస్ తీగ తీసి, బ్యాటరీ, దాని తట్ట, ఎయిర్ ఫిల్టర్ డబ్బా బయటపెట్టండి. తరువాత బండిని లేపి స్టాండ్ల మీద నిలిపి, గేర్ ఆయిల్ దించి, గేర్ కేబుళ్లు, క్లచ్ కేబుల్, రివర్స్ స్విచ్ తీగ, స్టార్టర్ మోటార్ విప్పండి. కింది ఆర్మ్ బాల్ జాయింట్లు వదిలించి డ్రైవ్‌షాఫ్ట్‌లను బయటికి లాగండి; వాటిని గాలిలో వేలాడనివ్వక తీగతో కట్టండి, లేకపోతే జాయింట్లు పాడవుతాయి. గేర్‌బాక్స్ మౌంట్ విప్పేముందే ఇంజన్‌కు పైనుంచి సపోర్ట్ బార్ పెట్టాలి. బెల్ హౌసింగ్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్ట ముక్క మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చి పెట్టుకోండి.

గేర్‌బాక్స్‌ను నేరుగా, తిన్నగా వెనక్కి లాగాలి. దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి క్లచ్ ప్లేటులోకి వచ్చే ఇరుసు) మీద వేలాడితే క్లచ్ ప్లేటు హబ్ వంగుతుంది. పాత ప్లేటే కదా అని విప్పేటప్పుడు అజాగ్రత్తగా లాగితే ఆ వంకర షాఫ్ట్‌కు కూడా అంటవచ్చు.

కవర్ బోల్టులను ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. పాత ప్లేటును పారేయకముందు దాన్ని చదవండి. లైనింగ్ మీద నూనె మరక ఉంటే అది క్రాంక్ సీల్ నుంచో ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచో వస్తున్నట్టే, ఆ కారుడు ఆపకుండా కొత్త క్లచ్ వేసి లాభం లేదు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే హాఫ్ క్లచ్ అలవాటు ఉన్నదని లెక్క, ఆ అలవాటుకు తేలిక ఫ్లైవీల్ పనికిరాదు.

ఫ్లైవీల్ బిగించడం

లాక్ పెట్టి బోల్టులు తీసేటప్పుడు ఒకదాన్ని చివరివరకు రెండు మూడు మరల మీద ఉంచండి. ఫ్లైవీల్ ఉన్నట్టుండి ఊడి కాలి మీద పడకుండా అది ఆపుతుంది. ఇప్పుడు క్రాంక్ వెనక సీల్ మార్చండి. క్రాంక్ ముఖాన్ని, కొత్త ఫ్లైవీల్ ముఖాన్ని శుభ్రంగా తుడవండి; కొత్తదాని మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది రాపిడి ముఖం మీద మిగిలితే మొదటిరోజే క్లచ్ వణుకుతుంది.

కొన్ని ఇంజన్లలో ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు ఇంజన్ లోపలి నూనె దాకా తెరుచుకుని ఉంటాయి. అలాంటివాటికి మరల మీద సీలెంట్ తప్పనిసరి. బోల్టులను నక్షత్రం ఆకారంలో, మూడు విడతలుగా, మాన్యువల్ చెప్పిన అంకె దాకా బిగించండి. డిగ్రీలు కూడా చెప్పి ఉంటే ఆ కోణం దాకా తిప్పండి. అలా సాగే రకం బోల్టులను రెండోసారి వాడకూడదు.

బిగించాక డయల్ గేజ్‌ను ఇంజన్ బ్లాకుకు అంటించి, దాని మొనను రాపిడి ముఖం అంచు దగ్గర ఆనించి, క్రాంక్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పించండి. తిప్పుతున్నంతసేపూ ఫ్లైవీల్‌ను ఒకే వైపుకు నొక్కి ఉంచాలి, లేకపోతే క్రాంక్ ముందు వెనకల ఆట కూడా ముల్లులో కనిపించి మోసం చేస్తుంది. ముల్లు కదలిక 0.1 మిల్లీమీటర్ లోపు ఉంటే నిశ్చింత. 0.2 దాటితే విప్పి చూడండి. చాలాసార్లు క్రాంక్ ముఖం మీద మిగిలిన చిన్న తుప్పు పొరో, డోవెల్ పిన్ను పక్కన లేచిన అంచో కారణమవుతుంది. ఈ కొలత పది నిమిషాల పని, దీన్ని వదిలేసినవాళ్లే తరువాత వణుకు ఎక్కడిదో తెలియక మళ్లీ గేర్‌బాక్స్ దించుకుంటారు.

క్లచ్, గేర్‌బాక్స్ ఎక్కించడం

ముందుగా ప్లేటును ఇన్‌పుట్ షాఫ్ట్ మీద జార్చి, స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో చూడండి. షాఫ్ట్ పళ్లకు వాటికోసమే ఉన్న గ్రీజు సన్నగా పూసి, ఒకసారి జార్చి, బయటికి ఉబికినదంతా తుడిచేయండి. ఎక్కువైన గ్రీజు తిరుగుడుకు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది. ఏ ముఖం ఫ్లైవీల్ వైపో ప్లేటు మీద రాసి ఉంటుంది. సాధారణంగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్స్‌కు ఎదురుగా వస్తుంది. తిరగేసి పెడితే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ విడవదు.

సెంటరింగ్ కడ్డీతో ప్లేటును నడిమికి తెచ్చి, కవర్‌ను డోవెల్ పిన్నుల మీద కూర్చోబెట్టి, బోల్టులను ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున బిగించండి. ఒకే వైపు పూర్తిగా బిగిస్తే కవర్ వంగి దాని స్ప్రింగు వేళ్లు ఎగుడుదిగుడవుతాయి. చివరి బిగింపు టార్క్ రెంచితోనే. రిలీజ్ బేరింగ్‌ను, ఫోర్క్ ఇరుసును కొద్ది గ్రీజుతో అమర్చండి.

గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు ఓపిక కావాలి. డోవెల్ గొట్టాలు తమ చోట ఉన్నాయో లేదో చూసి, జాకీ మీద వాలు సరిచేసి, ఒక గేరు వేసి అవుట్‌పుట్‌ను కాస్త కాస్త తిప్పుతూ తోస్తే షాఫ్ట్ పళ్లలోకి దిగుతుంది. రెండు ముఖాలూ చేతితో తోసినప్పుడే కలవాలి. సందు మిగిలి ఉండగా బోల్టులతో లాగితే ప్లేటు హబ్ నలుగుతుంది, లేదా హౌసింగ్ చెవి విరుగుతుంది.

మిగతాదంతా విప్పిన క్రమానికి వెనక నుంచి ముందుకు. గేర్ ఆయిల్ పోయడం మరవకండి. క్లచ్ కేబుల్ ఆటను మాన్యువల్ చెప్పినంతకు సరిచేయండి. హైడ్రాలిక్ క్లచ్ అయితే డాట్ రకం బ్రేక్ ద్రవం మార్చి గాలి తీయండి.

మొదటి స్టార్ట్, కుదురుబాటు

చక్రాలు గాలిలో ఉండగానే స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. రివర్స్ గీరుకుంటూ పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ ఆటను లేదా హైడ్రాలిక్‌లో మిగిలిన గాలిని చూసుకోండి. ఐడిల్ మునుపటికన్నా కాస్త గరుకుగా ఉండటం సహజం. ఏసీ వేసినప్పుడు ఇంజన్ ఆగబోతున్నట్టు ఊగితే, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూనింగ్ చేసేవారి చేత ఐడిల్‌ను 50 నుంచి 100 ఆర్‌పీఎం పెంచించుకోండి. తేలిక ఫ్లైవీల్‌తో క్రాంక్ వేగంలో ఒడిదుడుకులు పెరుగుతాయి కాబట్టి కొన్ని బండ్లలో మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పేలుడు తప్పడం) లేకుండానే దాన్ని సూచించే పీ0300 కోడ్ వస్తుంది. ప్లగ్గులు, కాయిళ్లు పరీక్షించి బాగున్నాయని తేలాకే దాన్ని ఫ్లైవీల్ ఖాతాలో వేయండి.

ఆర్గానిక్ లైనింగ్ కుదరడానికి మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లో, ఆగుతూ కదులుతూ నడపాలి. రహదారి మీద ఒకే గేరులో వెళ్లిన దూరం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే క్లచ్ కలిసి విడిపోయినప్పుడే లైనింగ్ కుదురుతుంది. ఈ రోజుల్లో ఫుల్ యాక్సిలరేటర్, బరువు లాగడం, ఆర్‌పీఎం లేపి క్లచ్ వదలడం వద్దు. కొంచెం కాలిన వాసన మొదట్లో వచ్చి పోతుంది. వాసన పోకుండా జారుడు కూడా కనిపిస్తే ఆ రోజే ఆపి, కేబుల్ మరీ బిగుసుకుని ఉందేమో చూడండి. కుదురుబాటు పూర్తయ్యాక కేబుల్ ఆట మరోసారి సరిచేసి, బెల్ హౌసింగ్ అడుగున నూనె తడి ఉందేమో వేలితో తాకి చూసి, మౌంట్ బోల్టులను టార్క్ రెంచితో మళ్లీ పరీక్షించండి. అప్పుడు మూడో గేరులో, ఖాళీ రోడ్డు మీద, 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి చూడవచ్చు. ముల్లూ వేగమూ కలిసి పెరిగితే పని సరిగ్గా కుదిరినట్టే.